క్లస్టర్ టూల్స్ రివ్యూ: కుప్పలు పోసి ఇస్తాయి, ఎవరి కుప్పో చెప్పవు

డీఎన్‌ఏ టెస్ట్ రిజల్ట్ వచ్చిన మొదటి వారం సరదాగానే గడుస్తుంది, రంగుల మ్యాప్ చూసుకుంటాం, ఇంట్లో అందరికీ చూపిస్తాం. ఆ తర్వాత మ్యాచ్‌ల లిస్ట్ (మనతో డీఎన్‌ఏ కలిసినవాళ్ల జాబితా) తెరిస్తే మొదలవుతుంది అసలు టెన్షన్. వేల పేర్లు. వాటిలో చాలావరకు పేర్లే కావు, ఇనిషియల్సో యూజర్ ఐడీలో. పక్కన సెంటీమోర్గాన్ల (మనతో ఎంత డీఎన్‌ఏ కలిసిందో చెప్పే కొలత) అంకె ఒకటి, అదృష్టం బాగుంటే ముగ్గురు మనుషులతో ఆగిపోయిన ఫ్యామిలీ ట్రీ ఒకటి. నేను వెతుకుతున్నది మాత్రం ఒక్కటే, మా నాన్నమ్మ తండ్రి ఎవరు? ఆమె పుట్టుక కాగితంలో తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ కోసం రెండేళ్లుగా ఈ క్లస్టర్ టూల్స్‌తో కుస్తీ పడుతున్నాను కాబట్టి, కొత్తగా దిగేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

ఈ టూల్స్ చేసే పని నిజానికి చాలా సింపుల్. మీ మ్యాచ్‌ల పేర్లన్నీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాస్తాయి. ఇద్దరు మ్యాచ్‌లు మీతోపాటు ఒకరితో ఒకరు కూడా డీఎన్‌ఏలో కలిస్తే వాళ్లిద్దరి గడిలో రంగు పడుతుంది. ఎక్కువగా తమలో తాము కలిసేవాళ్లను పక్కపక్కకు జరుపుతాయి, దాంతో మూల నుంచి మూలకు రంగురంగుల చతురస్రాలు మెట్లలా దిగుతూ కనిపిస్తాయి. ఒక్కో చతురస్రం బహుశా మీ పూర్వీకుల్లో ఒక జంట సంతానం. ఆ ‘బహుశా’ను గట్టిగా పట్టుకోండి, నేను పట్టుకోలేదు.

మొదట వాడింది మైహెరిటేజ్ అనే డీఎన్‌ఏ సైట్‌లోనే ఉన్న ఆటోక్లస్టర్స్. 2019లో వచ్చింది, దీని వెనకున్నది జెనెటిక్ అఫైర్స్ అనే క్లస్టర్ టూల్స్ సైట్ నడిపే ఎవర్ట్-యాన్ బ్లోమ్ పద్ధతి. బటన్ నొక్కితే ఈమెయిల్‌కి ఒక జిప్ ఫైల్ వస్తుంది, తెరవగానే గడులన్నీ ఎగురుకుంటూ వచ్చి వాటి చోట్లలో కూర్చుంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది, ఒప్పుకోవాలి. అదే కొంప ముంచింది. పైన అన్నిటికంటే పెద్దగా ఎర్ర చతురస్రం కనిపించేసరికి ‘ఇంతమంది ఉన్నారంటే దొరికేశాడు’ అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. మూడు నెలలు కూర్చుని ఆ ఎర్ర కుప్పలోని వాళ్లందరికీ ట్రీలు కట్టాను, మెసేజ్‌లు పెట్టాను. తర్వాత మా పెద్దమ్మ టెస్ట్ చేయించుకుంటే ఆ ఎర్ర గుంపు మొత్తం ఆవిడ లిస్ట్‌లోనూ ప్రత్యక్షం. అంటే అది అమ్మ వైపు! క్లస్టర్ సైజ్ చెప్పేది ఒక్కటే, ఆ కుటుంబంలో ఎంతమంది టెస్ట్ చేయించుకున్నారో. పిల్లలు ఎక్కువున్న ఇల్లు, ఎవరో ఒకరు అందరికీ కిట్లు కొనిచ్చి ఉంటారు, అంతే.

దెబ్బ తిన్నాక చేత్తో చేసే లీడ్స్ పద్ధతికి వెళ్లాను. డానా లీడ్స్ 2018లో చెప్పిన పద్ధతి ఇది, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. 400 నుంచి 90 సెంటీమోర్గాన్ల మధ్య ఉన్న మ్యాచ్‌లను వరసగా రాసుకుని, మొదటివాడికి ఒక రంగు ఇచ్చి, అతనితో కలిసేవాళ్లందరికీ అదే రంగు వేయాలి. రంగు పడని తర్వాతి పేరుకి ఇంకో రంగు. ఎక్కువమందికి నాలుగు నిలువు వరసలు వస్తాయి, తాతలు నానమ్మలు నలుగురికీ తలా ఒకటి. ఎందుకంటే ఆ రేంజ్‌లో పడేవాళ్లలో చాలామందికి మనకూ ముత్తాతల తరంలోనో, ఇంకో తరం పైనో ఒక జంట ఉమ్మడిగా ఉంటుంది. మన తెలుగులో వాళ్లందరూ అన్నలు, బావలు, వదినలే, దూరం ఎంతో వరసలో తెలియదు. ఇక్కడ మాత్రం ఆ దూరమే అసలు లెక్క. రెండు సాయంత్రాలు పట్టింది. ఆటోమేటిక్ రిపోర్టులు నెలల తరబడి నేర్పనిది ఇది నేర్పింది, ప్రతి పేరునూ ఒక్కసారైనా మన చేత్తో ముట్టుకుంటాం కాబట్టి. కొత్తవాళ్లు ముందు ఇది చేసి తర్వాత టూల్ దగ్గరకు వెళ్లమంటాను.

అప్పుడే వెలిగిన ఇంకో సంగతి, నా కిట్ (అంటే నా టెస్ట్ రిజల్ట్) మీద కాదు, నాన్నగారి కిట్ మీద వెతకాలి. నాకు ఆయన డీఎన్‌ఏలో సగమే వచ్చింది, ఆ ముత్తాత వాటా అందులో ఎంత కరిగిపోయిందో ఎవరికి తెలుసు. పెద్దవాళ్లను బతిమాలైనా సరే ముందు వాళ్లతో టెస్ట్ చేయించండి.

నాన్నగారి కిట్‌ను జెనెటిక్ అఫైర్స్ సొంత సైట్‌లో నడిపాను. ఎన్ని సెంటీమోర్గాన్ల నుంచి ఎన్నింటి దాకా ఉన్న మ్యాచ్‌లను తీసుకోవాలో, ఆ హద్దులు ఇక్కడ మనమే పెట్టుకోవచ్చు, ఎక్కువమంది బోల్తాపడేదీ ఇక్కడే. కింది హద్దు 20 పెట్టాను. చీమల పుట్ట వచ్చింది, ఏ గుంపు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. 50కి పెంచితే శుభ్రపడింది. పై హద్దూ ముఖ్యమే. తోబుట్టువులనో మొదటి తరం కజిన్‌నో లోపల వదిలేస్తే వాళ్లు తాత వైపుకీ నానమ్మ వైపుకీ రెంటికీ చెందినవాళ్లు, జిగురులా రెండు కుప్పల్నీ అంటించేస్తారు. 400 దాటినవాళ్లను బయట పెట్టండి. దగ్గరి చుట్టాల మధ్యే తరతరాలుగా పెళ్లిళ్లు జరిగిన కుటుంబమైతే మాత్రం ఏ హద్దు పెట్టినా పెద్దగా లాభం ఉండదు, మొత్తం ఒకే మహా చతురస్రంగా వస్తుంది. అష్కెనాజీ యూదుల (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్నవాళ్లు) విషయంలో ఇది అందరికీ తెలిసిన తలనొప్పే. అలాంటివాళ్లకు డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఇక బూడిద రంగు గడులు. ఇవి ఒక క్లస్టర్‌లో కూర్చున్న మనిషి ఇంకో క్లస్టర్‌లోని వాళ్లతో కూడా కలుస్తున్నాడని చూపిస్తాయి. మొదట్లో వీటిని చెత్త అనుకుని వదిలేశాను. నాన్నగారి రిపోర్టులో మూడు వైపులు తెలిసిన బంధువుల సాయంతో గుర్తుపట్టాను, మిగిలినవి రెండు చిన్న క్లస్టర్లు, ఒకటి ఏడుగురు, ఒకటి ఐదుగురు, మా వాళ్లెవరితోనూ సంబంధం లేనివి. ఆ రెంటి మధ్య నాలుగు బూడిద గడులు ఉన్నాయి. ఏడుగురివీ ఒక ఇంటివాళ్ల ట్రీలు, ఐదుగురివీ వేరే ఇంటివాళ్ల ట్రీలు. బూడిద గడుల్లో ఉన్నవాళ్ల ట్రీలు కట్టుకుంటూ పైకి వెళ్తే ఈ ఇంటి అబ్బాయికీ ఆ ఇంటి అమ్మాయికీ జరిగిన పెళ్లి దగ్గర కలిశాయి. నాన్నమ్మ తండ్రి ఆ జంట కొడుకే అయి ఉండాలి! రాత్రి రెండింటికి కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. రంగు గడులు చెప్పలేనిది రంగు లేని గడులు చెప్పాయి, అయినా రిపోర్టుతో వచ్చే వివరణలో వాటి గురించి నాకు కనిపించింది నాలుగు ముక్కలే.

కంప్లైంట్లూ ఉన్నాయి. ఒక టూల్ గంటల తరబడి తిరిగి ఖాళీ ఫైల్ పంపింది, క్రెడిట్లు మాత్రం కోసుకుంది, మెయిల్ పెడితే జవాబు లేదు. కొన్ని టూల్స్ మీ డీఎన్‌ఏ సైట్ లాగిన్, పాస్‌వర్డ్ అడుగుతాయి, నాకైతే చేయి వణికింది. భయం ఊరికే కాదు, 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ టెస్ట్ కంపెనీలో పాత పాస్‌వర్డ్‌లతో కొందరి ఖాతాల్లోకి దూరి, బంధువుల లిస్టుల ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగేశారు. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ కూడా వేసింది. యాన్సెస్ట్రీ అనే ఇంకో డీఎన్‌ఏ కంపెనీ అయితే 2020లోనే బయటి టూల్స్‌కి నోటీసులిచ్చి తమ మ్యాచ్‌లను లాగకుండా ఆపింది. అప్పట్లో అందరం తిట్టుకున్నాం, ఇప్పుడు ఆలోచిస్తే పూర్తిగా తప్పనిపించడం లేదు. నా సలహా, సైట్ లోపలే క్లస్టర్ సదుపాయం ఉంటే అది వాడండి, బయటి టూల్‌కి పాస్‌వర్డ్ ఇవ్వాల్సి వస్తే పని అయిన రోజే మార్చేయండి.

ఇంకోటి, ఫలానా కజిన్ క్లస్టర్‌లో లేడు కాబట్టి చుట్టం కాదు అని తేల్చేయకండి. ముత్తాతల పై తరంలో కలిసే కజిన్లలో దాదాపు పది మందిలో ఒకరికి మనతో కనిపించేంత డీఎన్‌ఏ ఉండదు, ఆ పైతరానికి వెళ్తే సుమారు సగం మందికి ఉండదు.

మార్కులు అడిగితే, లీడ్స్ పద్ధతికి ఐదుకి ఐదు (ఉచితం, పైగా బుర్రకు పని), మైహెరిటేజ్ ఆటోక్లస్టర్స్‌కి మూడున్నర, హద్దులు మార్చుకోనివ్వనందుకు కోత. జెనెటిక్ అఫైర్స్ సైట్‌కి నాలుగు, ఆ స్క్రీన్లు అర్థం కావడానికి నాకు నెల పట్టింది కాబట్టి ఒకటి తీసేశా.

నా సంగతికొస్తే, ఆ జంటకు ముగ్గురు కొడుకులు. ముగ్గురిలో ఎవరో ఏ క్లస్టరూ చెప్పలేదు, ముగ్గురి రక్తం ఒకటే కదా. రెండో అబ్బాయి మనవరాలు ఒకావిడ నా ఆరో మెసేజ్‌కి జవాబిచ్చింది, టెస్ట్‌కి ఒప్పుకుంది. ఏ వరస చుట్టాలకు ఎన్ని సెంటీమోర్గాన్లు కలుస్తాయో బ్లెయిన్ బెటింజర్ సేకరించిన షేర్డ్ సీఎం లెక్కల ప్రకారం ఆవిడ తాతే మా వాడైతే నాన్నగారితో సగటున 449 సెంటీమోర్గాన్లు కలవాలి, ఆయన అన్నో తమ్ముడో అయితే 229. మధ్యలో ఏ 330 దగ్గరో వచ్చిందంటే మళ్లీ మొదటికే. శాంపిల్ పోయిన సోమవారం ల్యాబ్‌కి చేరిందట, రోజుకి ఇరవైసార్లు పేజీ రిఫ్రెష్ చేస్తున్నా.