మిల్‌ఫర్డ్ సౌండ్ హెలికాప్టర్: 985 డాలర్ల నడిమి సీటు

న్యూజీలాండ్ వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట. క్వీన్స్‌టౌన్‌లో హెలికాప్టర్ బుక్ చేసేటప్పుడు ఏ సీటు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పింది నమ్మకండి. "అందరికీ విండో వ్యూ ఉంటుంది" అని మాకూ చెప్పారు. ఉంది, నిజమే. మా నాన్నగారి భుజం మీదుగా.

ఈస్టర్ సెలవులకి మెల్‌బోర్న్ నుంచి వెళ్ళాం. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మా నాన్నా, నేను, మా ఆవిడ. మనిషికి 985 న్యూజీలాండ్ డాలర్లు, నలుగురికి 3,940. కార్డు గీకితే రెండున్నర శాతం అదనం, అంటే ఇంకో 98.50. మన రూపాయల్లో రెండు లక్షలు దాటింది. మంచు మైదానం మీద ఒకసారి దింపి, మిల్‌ఫర్డ్ సౌండ్ అనే, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మీద తిప్పి తీసుకొస్తారు.

మొదట బుక్ చేసిన రోజు మబ్బు పట్టిందని పొద్దున్నే రద్దు చేశారు. దీనికి వాళ్ళని తప్పుపట్టను. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు మించి వాన పడుతుంది, హైదరాబాద్‌లో ఒక్క మీటరు కూడా పడదు. అందుకే హెలికాప్టర్‌ని ఊళ్ళో దిగిన మర్నాడే పెట్టుకోవాలి. వాయిదా పడినా చేతిలో రోజులుంటాయి. ఆఖరి రోజుకి పెట్టుకుంటే డబ్బు వాపసొస్తుంది గానీ చూడాల్సింది చూడకుండానే ఇంటికొస్తారు.

కౌంటర్ దగ్గర కోటూ బ్యాగుతో సహా అందరినీ తూకం వేశారు. బరువు సరిగ్గా సర్దకపోతే హెలికాప్టర్ ఎగరదు కాబట్టి అది అవసరమే. కానీ ఆ అమ్మాయి అంకెలు హాలంతా వినబడేలా చదివింది. మా అమ్మ ముఖం అక్కడే మారిపోయింది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత తూకం లేదు" అంది నాకు మాత్రమే వినబడేలా.

మాకొచ్చింది స్క్విరల్ అనే రకం. పైలట్ ముందు కుడివైపు కూర్చుంటాడు, అతని పక్కన ఇద్దరు, వెనక ఒకే వరుసలో నలుగురు. ముందు సీట్లు ఎవరో కొత్త దంపతులకిచ్చారు. వెనక కిటికీలు అమ్మకీ నాన్నకీ. నడుమ నేనూ మా ఆవిడా. అడిగితే "బరువుల లెక్క సార్, మా చేతిలో లేదు" అన్నారు. బాగుంది, మరి నడిమి సీటుకి ధర తగ్గించొచ్చుగా? సినిమా హాల్లో కూడా ముందు బెంచీకి రేటు వేరు. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే నాకు భయం.

వకాటిపు సరస్సు దాటగానే లోయలు మొదలయ్యాయి. హెడ్‌సెట్లో మాట్లాడితే అందరికీ వినిపిస్తుందని అమ్మకి ఎవరూ చెప్పలేదు. "ఒరేయ్, ఆ కొండ మీద చెట్టన్నది లేదురా, రామ రామ, ఆ నీళ్ళ రంగు చూడు" అని ఒకటే ధోరణి. చివరికి పైలట్ "ఆవిడ బాగానే ఉన్నారా?" అని అడిగాడు. చాలా బాగున్నారని చెప్పాను. నాకు కనిపించనిదంతా ఆవిడ నోటి నుంచే తెలిసింది మరి.

దింపింది టుటోకో పర్వతం దాపున. 2,723 మీటర్ల శిఖరం, ఫియోర్డ్‌లాండ్ అనే ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తైనది. మంచు మెత్తగా ఉంటుందనుకుంటాం గానీ పాత మంచు రాళ్ళుప్పులా కాళ్ళ కింద గరగరలాడుతుంది. కొంచెం దూరంలో పగులు ఒకటి ఉంది. దాని లోపలి గోడ నీలంగా ఉంది, లోతుకెళ్ళేకొద్దీ చిక్కని నీలం. పైలట్ మడమతో ఒక గీత గీసి, ఇది దాటొద్దన్నాడు. నాన్నగారు గీత మీదే నిలబడి ఫోటోలు దిగారు. పది నిమిషాలన్నారు, సరిగ్గా పది నిమిషాలే. తిరిగి ఎక్కేటప్పుడు సీట్లు మార్చమంటే పైలట్ మర్యాదగానే కుదరదన్నాడు.

మిల్‌ఫర్డ్ మీదకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మైటర్ శిఖరం నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచి ఉంటుంది, ఆ పాటికి దాని నీడ సగం నీళ్ళని కప్పేసింది. కాబట్టి పొద్దున్న స్లాటే అడగండి.

ఆ తర్వాత కారులో టే అనావ్ వెళ్ళి ఒక రాత్రి ఉన్నాం, మోటెల్ 210 డాలర్లు, శుభ్రంగా ఉంది. అక్కణ్ణుంచి హోమర్ సొరంగం దాటి మిల్‌ఫర్డ్. 1.2 కిలోమీటర్లు కొండని తొలిచిన దారి, 1954లో తెరిచారు. పడవ మనిషికి 149. గాల్లోంచి గీతలా కనబడ్డ స్టిర్లింగ్ జలపాతం 151 మీటర్లట, పడవని దాని కిందికే తీసుకెళ్తే తడిసి ముద్దయ్యాం. "డబ్బంతా ఇక్కడ పెట్టాల్సిందిరా" అన్నారు నాన్న. మా ఆవిడ ఆ రోజే మొదటిసారి నవ్వింది. ఒడ్డున శాండ్ ఫ్లైలనే కుట్టే చిన్న ఈగలు మాత్రం పీక్కు తింటాయి, పూతమందు తీసుకెళ్ళండి.

నన్నడిగితే ఎగరండి, మంచు మీద దిగడానికి వేరే దారి లేదు. కానీ వెనక సీట్లు కాస్త ఎత్తుగా ఉండే ఈసీ 130 అనే రకం హెలికాప్టర్ ఉన్న కంపెనీని వెతుక్కోండి, బరువులు ముందే పంపి సీటు ఖరారు చేయించుకోండి. ఆ దంపతులు అలాగే చేశారట, తిరిగొచ్చాక మాటల్లో చెప్పారు.

ఫిర్యాదు మెయిల్ పెడితే, ఈసారి వస్తే పది శాతం తగ్గిస్తామని జవాబొచ్చింది. అంటే 886.50. నడిమి సీటుకి అదీ ఎక్కువే.