నాలుగేళ్ళుగా వాడుతున్న ఫోమ్ ఎయిర్ ఫిల్టర్, దానికి పట్టించే బంక ఆయిల్

ఈ ఆయిల్ ఆదివారం సాయంత్రం చేతికి అంటితే మంగళవారం దాకా వదలదు. సబ్బుతో కడిగినా, శనగపిండి పెట్టి రుద్దినా వేలికీ వేలికీ మధ్య సన్నటి తీగలు సాగుతూనే ఉంటాయి. పనసకాయ కోసినప్పుడు చేతికయ్యే పాలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మొదటిసారి డబ్బా మూత తీసినప్పుడు, ఇంత బంకగా ఉన్నదాన్ని ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో ఎలా పూస్తారని భయపడ్డాను. ఇప్పుడు నా బండి మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఆ బంకనే.

బండి కవాసాకి కేఎల్‌ఎక్స్ 140, మట్టి దారుల కోసం చేసిన బండి. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రోడ్డు మీద నడిపే బండి కాదు కాబట్టి నెలకు రెండు ఆదివారాలు టాటా ఏస్‌లో ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు వైపు తీసుకెళ్తాం. వికారాబాద్ బీడు భూముల్లో ఎర్రమట్టి, తాండూరు చేరితే నాపరాయి గనుల తెల్ల దుమ్ము. నలుగురం వరసగా వెళ్తే నాలుగోవాడికి ముందు బండి వెనక చక్రం కూడా కనబడదు. ఆయిల్ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫోమ్ ఫిల్టర్ కోసమే తయారుచేసినవి ఇప్పటికి మూడు కంపెనీలవి వాడాను, జిగటలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. గాలిలోని దుమ్మును ఇంజన్‌లోకి పోకుండా ఆపే ఫిల్టర్ మాత్రం రెండు పొరలది: బయట ముతక ఫోమ్, లోపల మెత్తటి ఫోమ్, రెండూ అతికించి ఉంటాయి.

మొదటి ఏడాదిన్నర ప్రతి రైడ్ తర్వాతా నేనే కడిగేవాణ్ణి. 2023 ఫిబ్రవరిలో చెల్లి పెళ్ళి పనుల్లో తీరిక లేక బండిని తెలిసిన మెకానిక్ దగ్గర వదిలాను. సాయంత్రం వెళ్ళేసరికి ఫిల్టర్ చేత్తో పట్టుకుని ఎంతో సంతోషంగా చూపించాడు. "పెట్రోల్ల కడిగిన అన్నా. సూడు, కొత్తదాని లెక్క అయింది. ఆయిల్ గూడ పట్టించిన." నిజంగానే కొత్తదానిలా ఉంది. మేము కడిగితే ఎప్పుడూ అంత శుభ్రంగా రాలేదు. ఏ ఆయిల్ పట్టించావని అడిగితే బండిలో పోసే ఇంజన్ ఆయిలే అన్నాడు. మంచి మనిషి, పనితనం ఉన్నవాడు. పాత బళ్ళలో ఫోమ్ ముక్కను ఏళ్ళ తరబడి అలాగే కడిగి, అలాగే పెట్టి పంపిన అలవాటు అది. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. బిగించుకుని తెచ్చుకున్నాను.

తర్వాత నాలుగు రైడ్లు వెళ్ళాం. మొదటి రెండింట్లో ఏ తేడా తెలియలేదు. పైగా బండి ఇంకాస్త హుషారుగా లాగుతున్నట్టు అనిపించి మెకానిక్‌కు ఫోన్ చేసి మెచ్చుకున్నాను కూడా. ఆ హుషారు ఎక్కడిదో ఇప్పుడు తెలుసు: ఫిల్టర్ గాలిని అడ్డుకోవడమే మానేసింది. మూడో రైడ్‌లో ఎప్పుడూ సెకండ్ గేర్‌లో ఎక్కే దిబ్బ దగ్గర ఫస్ట్‌కి దించితే గానీ బండి ఎక్కలేదు. ఎండ వల్లేమో అనుకున్నాను. నాలుగో రైడ్‌లో వెనక వస్తున్న స్నేహితుడు పక్కకు వచ్చి ఆపమని సైగ చేశాడు. "నీ బండి నీలం పొగ పెడుతోందిరా" అన్నాడు. ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట. అక్కడే చెట్టు కింద ఇంజన్ ఆయిల్ చూసుకుంటే, కిందటి వారం నిండుగా పోసినదానిలో దాదాపు మూడో వంతు లేదు.

ఇంటికి తెచ్చి ఎయిర్ బాక్స్, అంటే ఫిల్టర్ కూర్చునే పెట్టె, తెరిచాను. అడుగున పలచటి ఆయిల్ మడుగు కట్టింది. ఫిల్టర్ పై సగం ఎండిపోయి ఉంది, తట్టితే పొడిపొడిగా దుమ్ము రాలింది. కింది సగం పాలలో నానిన రొట్టెలా తడిసి ముద్దయింది. ఇంజన్ ఆయిల్ ఫోమ్‌లో నిలవదు, రెండు రోజులు బండి ఊరికే నిలబెట్టినా జారి కిందికి దిగిపోతుంది. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ ఫిల్టర్‌ను తలకిందులు చేస్తే కనిపించింది. అంచు దగ్గర రెండు పొరలు అతికిన చోట, బొటనవేలి గోరంత వెడల్పున అతుకు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. పెట్రోల్ ఆ జిగురును కరిగించేసింది. ఫిల్టర్ వెనక, ఇంజన్ వైపు గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం (బూట్) లోకి వేలు పెట్టి లోపలంతా తిప్పాను. గోడలకు అలికే జాజులాగా ఎర్రటి ముద్ద వేలికి వచ్చింది.

ఆ వేలిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. ఇంజన్ విప్పకముందే లోపల ఏం జరిగిందో అర్థమైపోయింది.

ఇంజన్ బోర్ (సిలిండర్) పని చేసే పెద్దాయన పిస్టన్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "దుమ్ము తిన్నది బిడ్డా" అన్నాడు, అంతే. పిస్టన్ పక్కల నిలువు గీతలు గోటికి తగులుతున్నాయి. సిలిండర్ లోపల వేలు పెడితే అక్కడా అవే గీతలు. పిస్టన్ చుట్టూ ఉండే పాత రింగును కొత్త రింగు పక్కన పెట్టి చూపించాడు, పాతది అరిగి అంచు పలచబడింది. నేను గనుల తెల్ల దుమ్మే చేసి ఉంటుందనుకున్నాను, కంటికి కనిపించేది అదే కాబట్టి. ఆయన తల అడ్డంగా ఊపి బూట్‌లో దొరికిన ఎర్ర ముద్దను అరచేతిలో రాసి చూడమన్నాడు. గరగరలాడింది. నాపరాయి పొడి మెత్తన. ఎర్రమట్టిలో పలుగురాయి నలుసులు ఉంటాయి, పలుగురాయి ఉక్కును గీకగలదు. ఆ నలుసులు ఇంజన్ ఆయిల్‌లో కలిస్తే వాల్వులు నూరడానికి వాడే గ్రైండింగ్ పేస్టుకూ దానికీ తేడా ఉండదు. సిలిండర్, పిస్టన్, రింగులు, గాస్కెట్లు, కార్బురేటర్ పని, కూలీ అన్నీ కలిపి 41 వేలు దాటింది. విడిభాగాలు వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఫోమ్‌ను పెట్రోల్‌తో కడగొద్దని కవాసాకి మాన్యువల్‌లో హెచ్చరిక ఉంది. మంట అంటుకునే ప్రమాదం గురించి అది. అతుకు ఊడే సంగతి నాకు నా ఫిల్టరే నేర్పింది.

ఒక్కసారి కడిగి ఆరబెట్టిన ఫోమ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి, రంధ్రాల్లోంచి అవతలి కిటికీ మసకగా కనిపిస్తుంది. అంత పెద్ద రంధ్రాలు పిండిలాంటి దుమ్మును ఎలా ఆపుతాయి? ఆపలేవు. ఆపేది వాటి గోడలకు పట్టిన బంక. గాలి మలుపులు తిరుగుతూ పోతుంది, బరువైన నలుసు మలుపు తిరగలేక గోడకు కొట్టుకుంటుంది, అక్కడే అతుక్కుంటుంది. ఆయిల్ ఆ నలుసును కూడా తడిపేస్తుంది కాబట్టి దాని మీద ఇంకో నలుసు అతుక్కుంటుంది. కాగితం ఫిల్టర్ దుమ్మును పైపైనే ఆపి తొందరగా మూసుకుపోతుంది, ఫోమ్ తన మందం అంతటితోనూ పట్టుకుంటుంది. బంక లేని ఫోమ్ అంటే గిన్నెలు తోముకునే స్పాంజిని బిగించుకున్నట్టే. ఫిల్టర్ ఆయిల్ పోసేటప్పుడు బంక కాస్త తక్కువే ఉంటుంది, అన్ని మూలలకూ పాకడానికి చాలావాటిలో ఆవిరయ్యే ద్రావకం కలుపుతారు. అది ఎగిరిపోయాక మిగిలేదే అసలు జిగట. అందుకే పట్టించిన వెంటనే బిగించకూడదు. నేను రాత్రంతా వదిలేస్తాను.

ఇప్పుడు నేను చేసే పద్ధతిలో అందరికీ తెలిసిన భాగం వదిలేస్తున్నాను. ఫోమ్ క్లీనర్‌లో నానబెట్టడం, గోరువెచ్చటి సబ్బు నీళ్ళు, నీడలో ఆరబెట్టడం, ఇవి డబ్బా మీదే ఉంటాయి. పిండేటప్పుడు మాత్రం బట్టలు పిండినట్టు మెలి తిప్పకండి, అరచేతుల మధ్య నొక్కండి. మెలి తిప్పితే అతుకే ముందు పోతుంది. నీళ్ళు లోపలి వైపు నుంచి బయటికి పోయాలి, బయటి దుమ్మును మనమే లోపలికి తోయకుండా.

ఆయిల్ పట్టించడానికి మందపాటి జిప్ కవరు వాడతాను. ఫిల్టర్ అందులో వేసి, ఆయిల్ పోసి, మూసి, చపాతీ పిండి పిసికినట్టు పది నిమిషాలు పిసకాలి. ఆయిల్‌కు రంగు వేసేది ఇందుకే: మడతలు విప్పి చూస్తే ఎక్కడైనా పాలిపోయిన మచ్చ కనిపిస్తే అక్కడికి ఆయిల్ చేరలేదన్నమాట. మా ఫిల్టర్‌లో ఎప్పుడూ అంచు దగ్గరి లోపలి మూల పాలిపోయి మిగులుతుంది, అక్కడ వేలితోనే పూయాలి. ఎక్కువైన ఆయిల్ పూర్తిగా పిండేయాలి. ఒకసారి జాలిపడి కాస్త ఎక్కువే ఉంచాను, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బండి దగ్గుతూ నడిచి మధ్యాహ్నానికి స్పార్క్ ప్లగ్ నల్లగా చేసుకుంది.

ఆ తర్వాత అంచు. ఫిల్టర్ ఎయిర్ బాక్స్‌కు ఆనుకునే అంచు చుట్టూ నీటికి చెదరని గ్రీజు సన్నటి వరసగా పూస్తాను. ఎంత మంచి ఫోమ్ అయినా అంచు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంటే దుమ్ము ఆ దారే వెతుక్కుంటుంది. బిగించాక వేలితో చుట్టూ తడిమి కూర్చుందో లేదో చూస్తాను.

ఇంజన్ పోయాక మొదలుపెట్టిన అలవాటు ఒకటుంది. రైడ్ నుంచి రాగానే ఫిల్టర్ తీసి, బూట్ లోపల తెల్ల గుడ్డతో ఒక్కసారి తుడుస్తాను. మొన్న మార్చిలో తాండూరు అవతల నాలుగు గంటలు తిరిగాం, నాలుగో బండి నాదే. హెల్మెట్ తీస్తే కనుబొమలు తెల్లగా అయ్యాయి. ఫిల్టర్ పైన దుమ్ము పెరుగు మీద మీగడలా మందంగా పేరుకుంది. బూట్‌లో గుడ్డ పెట్టి తిప్పి బయటికి తీశాను. తెల్లగా ఉంది. మళ్ళీ ఇంకో చోట తుడిచాను, మళ్ళీ తెల్లగానే వచ్చింది. ఆ గుడ్డ ముక్కను మా వాళ్ళ ముగ్గురికీ ఫోటో తీసి పంపాను. 140 సీసీ బండిని చూసి ఎవరూ అసూయపడరు, ఆ గుడ్డను చూసి మాత్రం ముగ్గురూ తమ ఫిల్టర్లు విప్పి చూసుకున్నారు.

ఒకసారి కొంటే జన్మకంతా వస్తుందని ఈ ఫిల్టర్ల గురించి నేనే చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. పెట్రోల్ చూడని రెండో ఫిల్టర్ కూడా 30 కడుగుళ్ళు దాటాక అంచు దగ్గర వదులైంది. నొక్కితే వెంటనే ఉబ్బాల్సిన ఫోమ్ నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది. వాడకుండా డబ్బాలో పెట్టి ఉంచిన పాత స్పేర్ గోటితో గీరితే పొడిలా రాలింది. కాబట్టి జన్మకంతా రాదు, నా వాడకానికి ఒక్కోటి ఏడాదిన్నర. అందుకే ఇప్పుడు మూడు పెట్టుకున్నాను. ఆయిల్ పట్టించినది ఒకటి జిప్ కవరులో, బండిలో ఒకటి, బాల్కనీలో ఆరుతున్నది ఒకటి.

బాల్కనీ అన్నాను కదా, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. మేముండేది అపార్ట్‌మెంట్. క్లీనర్ వాసన వంటింటి దాకా వస్తుందని అమ్మకు ఇబ్బంది, ఆ బకెట్టు నీళ్ళు ఎక్కడ పారబోయాలన్నది నాకు ఇబ్బంది. నీళ్ళతో కడగగలిగే రకం ఆయిల్‌కు మారాక వాసన బాధ చాలావరకు తగ్గింది. కానీ వానాకాలంలో చెరువు కట్టల కింద నీళ్ళలో పడి వచ్చినప్పుడు ఈ రకం కొంచెం పలచబడ్డట్టు నాకు అనిపించింది, ఆ నెలల్లో పాత రకానికే వెళ్తాను. నల్గొండ వైపు మా మామయ్య ఆముదం పూసి చూడమన్నాడు. అంత జిగటగా ఉంటుంది కదా అని ఒక పాత ఫోమ్‌కు పూసి చూశాను. పట్టుకోవడం బాగానే పట్టుకుంది, కడిగితే మాత్రం ఎంతకీ వదల్లేదు. ఆ ఫోమ్ పారేయాల్సి వచ్చింది.

తారు రోడ్డు మీద ఆఫీసుకు వెళ్ళి, నెలలో ఒకనాడు మట్టి దారి ఎక్కే బండికి ఇదంతా కావాలని నేననను. మా తమ్ముడి ఎక్స్‌పల్స్ బైక్‌కు కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టర్‌నే ఉంచమన్నాను. కడిగే ఓపిక లేనివాడి చేతిలో ఫోమ్ ఫిల్టర్ కాగితం కన్నా ప్రమాదం. పిల్లలు చిన్నవాళ్ళు, ఆదివారం సాయంత్రాలు నావి కావు అన్నవాళ్ళకు కూడా ఇదే చెప్తాను. నాకు ఆ సాయంత్రాలు ఉన్నాయి, దుమ్ములో నాలుగో స్థానంలో నడిపే స్నేహితులున్నారు, 41 వేల బిల్లు ఇంకా గుర్తుంది. కాబట్టి నా బండికి ఇదే. బయట పని ఎవరికైనా ఇస్తాను, చైను, బ్రేకులు, ఫోర్కు ఆయిల్, ఏదైనా. ఫిల్టర్ మాత్రం విప్పి నా దగ్గర ఉంచుకుని, బూట్‌కు కవరు కట్టి బండిని పంపిస్తాను.