పాత కాలపు కిమోనోలు, కొప్పు నగలు చూడాలంటే: టోక్యో, క్యోటో యాత్రానుభవాలు

క్యోటోలోని హిగాషియామా వీధుల్లో కిమోనో ధరించినవారు అడుగడుగునా ఎదురవుతారు గాని, వారిలో చాలామంది అద్దె దుస్తులు తొడుక్కున్న పర్యాటకులే. ఎడో, మెయిజీ, తైషో కాలాల (1603 నుంచి 1926 దాకా) నాటి అసలు వస్త్రాలను, వాటితో పాటు వాడిన అలంకరణ సామగ్రిని చూడాలనుకునేవారు వేరే చోట్లకు వెళ్లాలి.

మొదట చూడవలసింది టోక్యోలోని ఉఎనోలో ఉన్న జాతీయ మ్యూజియం. ప్రధాన భవనంలోని 10వ గదిలో ఎడో కాలపు కొసొదె (నేటి కిమోనోకు పూర్వరూపం) వస్త్రాలు, దువ్వెనలు, కొప్పు పిన్నులు, వాటిని ధరించిన స్త్రీల ఉకియో-ఎ (ప్రధానంగా చెక్క అచ్చులతో వేసిన) చిత్రాలు ఒకేచోట ఉంటాయి. వెలుతురుకు పట్టు, రంగులు చెడిపోతాయి కనుక ప్రదర్శనను తరచు మారుస్తుంటారు. అందువల్ల ఫలానా వస్త్రమే చూస్తామని ఆశపెట్టుకోకూడదు. ఆ కాలపు జపాన్ స్త్రీలు చెవులకు, మెడకు, చేతులకు దాదాపు ఏ నగలూ పెట్టుకోలేదు. ముక్కుపుడక నుంచి మెట్టెల దాకా నగలు ఎరిగిన మనకు ఇది వింతగా తోస్తుంది. వారి అలంకరణంతా కొప్పులోనూ నడుము దగ్గరా చేరింది.

కొప్పు సంగతి పూర్తిగా తెలియాలంటే ఓమె పట్టణ పరిధిలో, తామా నది ఒడ్డున ఉన్న కుషి కంజాషి (దువ్వెనలు, కొప్పు పిన్నుల) మ్యూజియంకు తప్పక వెళ్లాలి. సవాయి స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. టోక్యో నడిబొడ్డు నుంచి రానుపోను సగం రోజు పడుతుంది, అయినా నా దృష్టిలో ఈ యాత్ర మొత్తంలో మేలైన చోటు ఇదే. నల్లని లక్కపై బంగారు పొడితో గీసిన ఒక దువ్వెనలో బొమ్మ పైఅంచు దగ్గర ఆగిపోక, మలుపు తిరిగి వెనక్కి సాగింది. కొప్పులో గుచ్చుకున్నాక వెనకనుంచి చూసేవారి కోసం కూడా పనివాడు శ్రమపడ్డాడన్నమాట.

నడుము అలంకరణలకు క్యోటోయే తగిన చోటు. మిబు ప్రాంతంలో పాత సమురాయ్ ఇంట్లో నెలకొన్న సెయిషు నెత్సుకె మ్యూజియంలో, జేబులు లేని దుస్తులకు సంచినో మందుల పెట్టెనో వేలాడదీయడానికి పురుషులు వాడిన నెత్సుకెలు, అంటే బొటనవేలంత బొమ్మలున్నాయి. వాటిలో నేటి శిల్పులు చెక్కినవే ఎక్కువ కనుక పాతవే కావాలనుకునేవారికి కొంత నిరాశ తప్పదు. 1876లో కత్తులు ధరించడంపై నిషేధం వచ్చాక, కత్తి పిడులకు లోహపు పని చేసిన కళాకారులు కొందరు ఓబి (కిమోనోపై నడుముకు చుట్టే వెడల్పు పట్టీ) మీది తాడుకు తొడిగే ఓబిదొమె వంటి ఆభరణాల వైపు మళ్లారు.

క్యోటోలోని నిషిజిన్ నేతవాడలో పాత మాచియా (సంప్రదాయ కొయ్య) ఇంట్లో బస చేశాము. ఇల్లు శుభ్రంగా, వీధి ప్రశాంతంగా ఉన్నాయి గాని, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నందున పెద్దలతో వెళ్లేవారికి మామూలు హోటలే మంచిది. అద్దె కిమోనో ఇచ్చిన దుకాణం మాత్రం సంతృప్తి కలిగించలేదు: ముందు చెప్పిన ధరపై జడకు, మంచి ఓబికి విడివిడిగా వసూలు చేశారు, వస్త్రమేమో పాలియెస్టర్. కట్టిన ఆవిడ చేతి నేర్పును మాత్రం మెచ్చుకోవలసిందే.

ప్రతి నెల 21న క్యోటోలోని తోజి ఆలయంలో జరిగే సంతలో పాత పట్టు కిమోనోలు అద్దె కంటే చౌకగా దొరుకుతాయి. దారానికే ముందుగా రంగులద్ది నేసిన మెయిసెన్ పట్టు పోచంపల్లి చీరలు ఎరిగిన కంటికి వెంటనే నచ్చుతుంది, దాని అంచులు చెదిరిన పూలు చూడగానే బంధువుల్లా తోస్తాయి. కొనేముందు చేయి పొడవు కొలుచుకోవాలి, పాతవి చాలావరకు పొట్టివి. ఎర్ర పట్టు లోపలి గుడ్డ తడిస్తే రంగు వదులుతుంది. తాబేటి చిప్ప దువ్వెనలు, దంతపు నెత్సుకెలు ఎంత ముచ్చటగా ఉన్నా కొనకూడదు. వన్యప్రాణి చట్టాల ప్రకారం వాటిని మన దేశానికి తీసుకురావడం నేరం. అల్లిన ఓబి తాళ్లకు ఆ చిక్కు లేదు, సూట్‌కేసులో చోటూ పట్టదు.