పోస్టర్ కలర్ సీసాల నుంచి టెంపెరా బిళ్లలకు: మా పిల్లల క్లబ్బులో ఎనిమిది నెలలు

మా క్లబ్బుకి సొంత గది లేదు. అడిగి తీసుకున్న హాల్లో వారానికి ఒక రోజు, గంటన్నర సేపు కలుస్తాం. పిల్లలు 22 మంది, ఆరేళ్ల వాళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్ల దాకా. పెద్దవాళ్లం ముగ్గురం. బొమ్మలు వేయిస్తాం, కథలు చదువుతాం, రాయిస్తాం. టైమ్ అయ్యేసరికి నేల మీద ఒక్క మరక లేకుండా తాళం తిరిగి ఇచ్చేయాలి. అందుకే ఏ రంగులు కొనాలన్నా నేను ముందు అడిగేది ఒకటే: పరచడానికి ఎంతసేపు, కడిగి సర్దడానికి ఎంతసేపు?

మొదటి రెండేళ్లు పోస్టర్ కలర్ సీసాలు వాడాం. బిగుసుకుపోయిన మూతలు తిప్పడానికే ఒక మనిషి కావాలి. ప్లేట్లలో పోసిన రంగు సగం అలాగే ఎండిపోయేది. చివర్లో కడగడానికి 25 నిమిషాలు. ఇవన్నీ పోగా పిల్లలు బొమ్మ వేసుకునేది ముప్పావు గంటే. అది నన్ను చాలా బాధపెట్టేది.

ఇప్పుడు వాడుతున్నవి టెంపెరా బిళ్లలు, అంటే 57 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి, గట్టి రంగు బిళ్లలు. ఒక ట్రేలో ఆరు ఉంటాయి. తడి బ్రష్షుతో రుద్దితే రంగు లేస్తుంది. నలుగురికి ఒక ట్రే చొప్పున ఆరు ట్రేలు సరిపోయాయి. ఒలికిపోతుందన్న టెన్షన్ లేదు. క్లాసు మొదలవగానే ఒక్కో బిళ్ల మీద చెంచాడు నీళ్లు వేసి, పది నిమిషాలు కథ చదువుతాం. కథ అయ్యేసరికి బిళ్లలు మెత్తబడి ఉంటాయి. నీళ్లు వేయకుండా మొదలుపెడితే చిన్నపిల్లలు గట్టిగా రుద్ది బ్రష్షుల వెంట్రుకలు పాడుచేస్తారు, రంగు కూడా పల్చగా వస్తుంది. చివర్లో కడగడం పది నిమిషాల్లో అయిపోతోంది.

మేం మొదట తెప్పించిన సెట్టు ఒక చిన్న తయారీదారుది. బిళ్లలు ట్రే గుంటల్లో సరిగ్గా కూర్చోలేదు, రెండో వారానికే ఊడి దొర్లడం మొదలుపెట్టాయి. రెండోసారి గుంట అంచు ఎత్తుగా ఉన్న ట్రే చూసి కొన్నాం. కొనేముందు బిళ్లని వేలితో కదిపి చూడండి.

లేబుల్ కూడా తప్పకుండా చదవండి. బ్రష్ కొన సన్నగా రావాలని నోట్లో పెట్టుకునే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, మా దగ్గర ముగ్గురున్నారు. ఈఎన్ 71-3 అనేది పిల్లల ఆటవస్తువుల నుంచి సీసం, కాడ్మియం లాంటివి ఎంత బయటికొస్తాయో చూసే యూరప్ ప్రమాణం. అది రాసి ఉన్న సెట్టునే నేను తీసుకుంటాను. అలాగని నోట్లో పెట్టుకోనివ్వం, వద్దని ప్రతివారం చెబుతూనే ఉంటాం.

లోపాలూ ఉన్నాయి. సీసా రంగు కప్పినంత చిక్కగా ఇవి కప్పవు. ఆరిన రంగు మీద మళ్లీ తడి బ్రష్ పెడితే కింది రంగు లేచి కలిసిపోతుంది. ముదురు నీలం మీద తెల్ల చుక్కలు పెట్టాలనుకున్న పిల్లవాడికి బూడిద రంగు చుక్కలు వచ్చి ఏడుపొచ్చింది. ఇప్పుడు చుక్కలు, సన్న గీతల కోసం ఒక్క తెల్ల సీసా విడిగా ఉంచుతున్నాం. 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల బరువుండే) కాగితం నీటికి ముడతలు పడుతుంది. 120 కన్నా తక్కువ వాడొద్దు. ఒకవైపు అచ్చయిన పాత కాగితాలు పెన్సిల్ పనికి దాచుకోండి.

చాలా సెట్లలో మెజెంటా (ఊదా వైపు మొగ్గే ముదురు గులాబీ) ఉండదు. ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని పిల్లలకు చెప్పేశాం, వచ్చింది మట్టి రంగు. మామూలు ఎరుపు తన మీద పడిన వెలుగులో నీలాన్ని కూడా మింగేస్తుంది, అందుకే కలిపినప్పుడు నల్లబడుతుంది. మెజెంటా నీలాన్ని వదిలిపెడుతుంది. ఒక్క మెజెంటా బిళ్ల తెచ్చి ఎరుపు పక్కన పెట్టి, రెంటినీ విడివిడిగా నీలంతో కలిపి చూపించాం. ఆ రోజు పెద్ద పిల్లలు బొమ్మ వేయలేదు. గంటసేపు రంగులు కలుపుతూ, ఏది ఎంత వేశారో పట్టిక రాసుకున్నారు.

బిళ్లలు మారాక నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించినది కూడా అక్కడి నుంచే మొదలైంది. నాలుగు వాక్యాలు రాయమంటే తల వంచుకునే ఒక అమ్మాయి పసుపు, నీలం, నలుపుతో పదకొండు ఆకుపచ్చలు చేసింది. ఒక్కోదాని కింద పేరు రాసింది. 'బావి గోడ పచ్చ', 'వానకు ముందు పచ్చ', 'చిలక మెడ కింద పచ్చ'. పక్క వారం ఆ పేర్లలో ఒకటి తీసుకుని పేజీ నిండా రాసింది. ఇప్పుడు రాత క్లాసుని మేం రంగుల పేర్లతోనే మొదలుపెడుతున్నాం. కడగడానికి పోయే ఆ పావుగంట మిగలకపోతే పదకొండో పచ్చ వరకు వచ్చేది కాదు.

వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. తడి ఆరకుండా మూత పెట్టి మూసేస్తే వారానికల్లా బూజు పడుతుంది. మాకు రెండు ట్రేలు అలా పోయాయి. ఇప్పుడు ముగ్గురిలో ఒకరం ట్రేలు ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా తెరిచి పెడతాం. మురికైన పసుపు, తెలుపు బిళ్లల్ని తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే మళ్లీ శుభ్రంగా వస్తాయి. ఆ పని పిల్లలకే అప్పజెప్పాం, పోటీ పడి చేస్తున్నారు.

ఎనిమిది నెలల్లో పసుపు అన్ని ట్రేల్లోనూ అడుగంటింది, తెలుపు సగానికి వచ్చింది. వచ్చే నెల పసుపు ఆరు, తెలుపు మూడు, మెజెంటా మూడు విడి బిళ్లలుగా తెప్పిస్తున్నాం. నలుపు ఇంకా ముప్పావు వంతు అలాగే ఉంది.