లోయరింగ్ చేయించిన కారు ఎగురుతోందా? బఫర్లకి డబ్బులిచ్చే ముందు ఆగండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు లోయరింగ్, అంటే కారు ఎత్తు తగ్గించడం, చేయించినవాళ్ల దగ్గర్నుంచి వినబడేది ఒకటే మాట: బండి ఎగురుతోంది. కారు స్విఫ్ట్ కావచ్చు, ఐ20 కావచ్చు, సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన పోలో కావచ్చు. ఉన్న స్ప్రింగులు కోయించో, చవక కాయిలోవర్ సెట్టు (స్ప్రింగు, షాకబ్సార్బర్ కలిపి ఎత్తు మార్చుకునేట్టు వచ్చేది) బిగించో రెండంగుళాలు దించుతారు. ఆపి ఉంచినప్పుడు చూస్తే కళ్లు తిప్పుకోలేం. హైవే ఎక్కి మొదటి వంతెన దాటేసరికి ఎత్తి కుదేస్తుంది, వెనక సీట్లో కూర్చున్న నాయనకి ఎద్దులబండి గుర్తొస్తుంది.

షాపుకి తిరిగి వెళ్తే మొదటిసారి చెప్పేది, "నాలుగు రోజులు తిరిగితే స్ప్రింగు సెట్టయిపోద్దన్నా." రెండోసారి వెళ్తే చెప్పేది, "బఫర్లు వేద్దాం, కుదుపు ఆగిపోద్ది." మొదటి మాటతో పోయేది టైమే. రెండో మాట నమ్మితే డబ్బులూ పోతాయి, స్ప్రింగులూ పోతాయి.

బఫర్ అంటే స్ప్రింగు రెండు చుట్ల మధ్య దూర్చే రబ్బరు రింగు. యాక్సెసరీ షాపుల్లో రంగు డబ్బాలో పెట్టి అమ్మేదే. అది కుదుపుని మింగే వస్తువు కాదు. ఆ రెండు చుట్ల మధ్య ఖాళీ పూడ్చేస్తుంది, దాంతో ఆ చుట్టు పని చాలావరకు ఆగిపోతుంది, స్ప్రింగు గట్టిపడి బండి కాస్త పైకి లేస్తుంది. బరువులు మోసి వెనక కుంగిన పాత బండికైతే ఏదో సర్దుకోవచ్చు. ఎగురుతున్న బండికి వేస్తే మాత్రం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. గట్టిపడ్డ స్ప్రింగు, దాన్ని పట్టి ఆపలేని షాకబ్సార్బర్, ఈ రెండూ కలిసే కదా బండి ఎగిరేది. ఆ స్ప్రింగునే ఇంకా గట్టి చేసి ఏం లాభం? పైగా రబ్బరు అంచు దగ్గర పెయింటు రాసుకుపోయి, మట్టీ నీళ్లూ నిలిచి తుప్పు పడుతుంది. స్ప్రింగు విరిగితే అక్కడే విరుగుతుంది.

చిన్న లెక్క చూడండి. స్ప్రింగుకి పనిచేసే చుట్లు ఆరు అనుకుందాం. ఒకటిన్నర కోస్తే నాలుగున్నర మిగిలాయి. ఆరుని నాలుగున్నరతో భాగిస్తే 1.33, అంటే స్ప్రింగు మూడోవంతు గట్టిపడింది. లోపలి షాక్‌లో ఆయిలు, వాల్వు మాత్రం కంపెనీవాళ్లు పాత స్ప్రింగుకి సరిపోయేట్టు పెట్టినవే. విసిరే బలం పెరిగింది, పట్టే బలం పెరగలేదు. ఆ షాక్ అప్పటికే డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగినదైతే ఇక చెప్పేదేముంది. దీనికి తోడు, బండి రెండంగుళాలు దిగిందంటే షాక్ రాడ్డు లోపలికి పోవాల్సిన దూరంలో దాదాపు రెండంగుళాలు నిలబడి ఉండగానే ఖర్చయిపోయాయని అర్థం. చిన్న గుంతకే రాడ్డు చివరిదాకా పోకుండా అడ్డుండే బంప్‌స్టాప్ రబ్బరుకి తగిలి బండి పైకి తన్నుతుంది.

స్ప్రింగుని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి కుంగదీసేవాళ్లు ఇంకా ఉన్నారు. కాలిన చోట స్టీలు టెంపర్ పోతుంది, తర్వాత కుంగుతూనే ఉంటుంది లేదా విరుగుతుంది. మంట వెలిగించారంటే బండి తాళాలు తీసుకుని వచ్చేయండి.

సరే, ఇప్పటికే దించేశారు, ఎగురుతోంది. ముందు తేల్చుకోవాల్సింది అది ఏ రకం ఎగరడమో. వంతెన మొదట్లో పోసిన మట్టి కుంగి హైవే మీద చిన్న పల్లం, వెంటనే ఎత్తు ఉంటాయి చూడండి. అక్కడ డెబ్భై, ఎనభై మీద వెళ్తే మంచి బండి ఒకసారి లేచి ఒకసారి దిగి కుదురుకుంటుంది. మీది దాటిన తర్వాత కూడా రెండు మూడుసార్లు పడవలా ఊగితే షాక్‌లో పట్టు లేదు. అదే చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీలు తొక్కిన గాడుల మీదో, ఊళ్లో స్పీడ్ బ్రేకర్ మీదో ముప్పై స్పీడులో "ధబ్" అని ఒక్క దెబ్బ కొట్టి, ఆ తర్వాత ఊగడం లేదంటే అక్కడ షాక్ తప్పేం లేదు, రాడ్డుకి దూరం చాలడం లేదు. మొదటిదానికి షాక్ మార్చాలి. రెండోదానికి బండి పైకెత్తాలి. ఒకదాని మందు ఇంకోదానికి వాడబట్టే జనం మూడేసి సార్లు ఖర్చు పెడుతున్నారు.

నోటిమాటతో తేల్చక్కర్లేదు, వైర్లు కట్టే పది రూపాయల ప్లాస్టిక్ ట్యాగ్ చాలు. రాడ్డుని కప్పే డస్ట్ బూట్ పైకి జరిపి, మెరిసే రాడ్డుకి ట్యాగ్ బిగించి షాక్ బాడీకి ఆనేట్టు కిందకి తోయండి. మరీ బిగుతుగా కాదు, వేలితో తోస్తే జరగాలి. రోజూ తిరిగే రోడ్డులో, రోజూ ఎక్కే మనుషులతో ఓ ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చి చూడండి. ట్యాగ్ బంప్‌స్టాప్‌లోకి దూరిపోయి ఉంటే రాడ్డు చివరిదాకా పోతోంది. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు షాక్ బాడీ పైఅంచు నుంచి బంప్‌స్టాప్ కింది అంచు దాకా స్కేలు పెట్టి కొలిస్తే 40 మి.మీ. అయినా ఉండాలి. 25 లోపు ఉంటే మన రోడ్లకి అది పనికిరాని ఎత్తు. దానికి ఏ కంపెనీ షాక్ వేసినా ఆ దెబ్బ ఆగదు.

"బంప్‌స్టాప్ సగం కోసేద్దాం, దూరం వస్తుంది" అని షాపులో అంటారు. పొట్టి బాడీ ఉన్న షాక్‌కి అది చెల్లుతుంది. కంపెనీ షాక్ అలాగే ఉంచి రబ్బరు కోస్తే లోపల పిస్టన్ అడుగు వాల్వుకి తగిలి షాకే చస్తుంది.

ఇక కాయిలోవర్ల సంగతి. పేరున్న కంపెనీవి కాకుండా, స్టిక్కర్ ఏదో అంటించి "32 క్లిక్కులు, సాఫ్ట్ నుంచి హార్డ్" అని అమ్మే సెట్లలోనే గొడవంతా. బిగించకముందే, డబ్బు మొత్తం ఇవ్వకముందే కౌంటర్ మీద చూడాల్సినవి ఉన్నాయి. స్ప్రింగు తీయించి రాడ్డుని చేత్తో నొక్కి, పైకి లాగండి. పూర్తి సాఫ్ట్‌లో, పూర్తి హార్డ్‌లో తేడా చేతికి తెలియాలి. తెలియకపోతే ఆ క్లిక్కులు తిప్పే నాబ్ బొమ్మే. నొక్కి వదిలితే గ్యాస్ షాక్ రాడ్డు తనంతట తను పైకొస్తుంది. ఒకే క్లిక్ మీద పెట్టి కుడిది, ఎడమది ఎంతసేపట్లో లేస్తున్నాయో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి. ఒకటి రెండో దానికంటే బాగా ఆలస్యమైతే ఆ జత వద్దు. నొక్కడం నుంచి లాగడానికి మారేటప్పుడు సెంటీమీటరు దాకా ఏ పట్టూ లేకుండా జారితే ఆయిల్లో గాలి కలిసింది. ట్విన్ ట్యూబ్ షాక్ (గొట్టంలో గొట్టం ఉండేది) కొరియర్‌లో పడుకుని వస్తే ఇలా అవడం మామూలే. నిలువుగా పట్టుకుని ఐదారుసార్లు పూర్తిగా నొక్కి లాగితే పోతుంది, పోకపోతే తిప్పి పంపండి. చివరగా కింద చక్రం హబ్‌ని మోసే నకిల్‌కి బిగించే బ్రాకెట్ వెల్డింగ్ చూడండి. అంచుల్లో సూదిరంధ్రాలు, ఎగుడుదిగుడు కనిపిస్తే వద్దనండి. చక్రాన్ని పట్టుకుని ఉండేది ఆ వెల్డింగే.

క్లిక్కులు హార్డ్ వైపు తిప్పుతూ పోతే ఎగరడం తగ్గుతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఈ రకం సెట్లలో నాబ్ ఎక్కువగా పనిచేసేది రాడ్డు పైకి వచ్చేటప్పుడు. మరీ బిగిస్తే మొదటి గుంతలో లోపలికి పోయిన రాడ్డు రెండో గుంత వచ్చేలోపు పైకి రాలేదు, మూడోదానికి ఇంకాస్త దిగుతుంది. అలా దిగిదిగి బంప్‌స్టాప్ మీదే నడుస్తుంది. నడిపేవాడికి బండి గట్టిగా ఎగురుతున్నట్టే ఉంటుంది, ఇంకో నాలుగు క్లిక్కులు బిగిస్తాడు. సరైన పద్ధతి దీనికి తలకిందులు. నాలుగూ పూర్తి హార్డ్‌కి తిప్పి, అక్కడి నుంచి లెక్కపెడుతూ పూర్తి సాఫ్ట్‌కి రండి, చివర్లో బలం పెట్టకండి, లోపలి సూది పాడవుతుంది. ఆ వంతెన దగ్గరికే వెళ్లి రెండేసి క్లిక్కులు పెంచుకుంటూ రండి. బాడీ ఒక్క కదలికలో కుదురుకున్న చోట ఆపండి. చిన్న గతుకులు చేతికి తగలడం మొదలైతే ఒకటి వెనక్కి. ముందువి, వెనకవి విడిగా చూసుకోవాలి, కుడి ఎడమలు మాత్రం ఎప్పుడూ ఒకటే.

స్ప్రింగు కింది రింగు తిప్పి ఎత్తు మార్చే సెట్టు, కింద బ్రాకెట్ తిప్పి మార్చే సెట్టు ఒకటి కాదు. మొదటిదాంట్లో దించేకొద్దీ రాడ్డు దూరం తగ్గుతుంది, జాకీ ఎత్తితే స్ప్రింగు వదులై గలగలలాడుతుంది. రెండోదాంట్లో స్ప్రింగు మీద ముందస్తు బిగింపు మూడు నుంచి ఐదు మి.మీ. ఉంచి, ఎత్తంతా బ్రాకెట్‌తో మార్చుకోవచ్చు. కాస్త ఎక్కువైనా రెండో రకమే కొనండి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం గాలి తగిలే ఇళ్లయితే ఆ మరలకి గ్రీజు రాసి ఉంచండి. తుప్పు పట్టి బిగుసుకుంటే షాపులో ఉలి పెట్టి కొడతారు, మర పోతుంది.

సామాను మంచిదైనా బిగింపులో చెడేవి కూడా తక్కువ కాదు. అందరూ చేసే తప్పు చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులది. బండి జాకీ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా వాటిని ఫైనల్ టైట్ చేస్తారు. బండి దించగానే ఆ ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు బుష్ మెలితిరిగి రెండో స్ప్రింగులా పనిచేస్తుంది, ఎగరడానికి అదీ ఒక చెయ్యి వేస్తుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. బోల్టులు చేత్తో బిగించి, బండిని చక్రాల మీద నిలబెట్టి, ముందూ వెనకా ఓసారి ఊపి, అప్పుడు ఫైనల్ టైట్ చేయాలి. ఇప్పటికే బిగించేసిన బండికి ఈ బోల్టులు ఒకసారి వదులు చేసి మళ్లీ బిగిస్తే పైసా సామాను లేకుండా తేడా తెలుస్తుంది. వేరే ఏదైనా కొనేముందు ఇదే చేయించండి.

షాక్ రాడ్డు పైచివర ఉండే టాప్ నట్‌కి ఎయిర్ గన్ పెట్టనివ్వకండి, రాడ్డు గిర్రున తిరిగి లోపలి సీల్ దెబ్బతింటుంది. అలెన్ కీతో రాడ్డు పట్టి స్పానర్‌తో తిప్పాలి. రాడ్డుని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే ఆ గీత మీదుగానే ఆయిలు కారుతుంది. ఇంకొకటి, ప్రాణాల మీదకొచ్చేది: చవక స్ట్రట్లకి (చక్రాన్ని పట్టి ఉండే షాక్‌లకి) బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు పట్టే క్లిప్పు ఉండదు, ట్యాగ్‌తో కట్టేసి పంపుతారు. స్టీరింగ్ పూర్తిగా ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి, జాకీ మీద చక్రం వేలాడినప్పుడు కూడా హోస్ లాగబడటం లేదని, టైరుకి రాసుకోవడం లేదని కళ్లతో చూసుకునే బండి తీసుకోండి.

ఎంత దించాలి? 30 మి.మీ. దాటొద్దు. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, 163 మి.మీ. రెండంగుళాలు తీసేస్తే 112, నలుగురు ఎక్కితే ఇంకా తక్కువ. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన వీధుల్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మెలకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. టైరు కూడా చూసుకోండి. 185/65 ఆర్15కి పక్క గోడ 120 మి.మీ. ఉంటుంది, 195/45 ఆర్17కి 88. ఆ పోయిన 32 మి.మీ. రబ్బరు పని కూడా షాకే చేయాలి. గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టండి, "హైవేకి నలభై కొట్టండి" అనే మాట వద్దు.

డబ్బు తక్కువగా ఉంటే వరస ఇది: బుష్ బోల్టులు, టైరు గాలి, తర్వాత నాలుగు కొత్త షాక్స్, వాటితో పాటే కొత్త బంప్‌స్టాప్‌లు, టాప్ మౌంట్లు. కోసిన స్ప్రింగుకి ఎంత మంచి షాక్ వేసినా సగమే పని, కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించడమే మేలు. ఎత్తు ఎప్పుడు మారినా వీల్ అలైన్‌మెంట్ తప్పదు. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) పోతే టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోతుంది, బయట నుంచి చూస్తే కనబడదు.

చట్టం సంగతి షాపువాళ్లు చెప్పరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ లెక్కకి భిన్నంగా బండి మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు చూసేదీ ఇలాంటివే.

అందుకే పాత స్ప్రింగులు, షాక్స్ షాపులో వదలకండి. "పాతవి మేమే తీసుకుంటాం, ఐదొందలు తగ్గిస్తాం" అంటారు. అదే సెట్టు మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు వేలల్లో అవుతుంది. ముందు వెనక, కుడి ఎడమ అని మార్కర్‌తో రాసి గోతంలో కట్టి ఇంట్లో పెట్టుకోండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు, సెట్టు మోడల్, "బిగించాక ఆయిల్ కారితే మారుస్తాం" అన్న వాక్యం, గడువు రాయించుకోండి. వారంటీ ఉందంటూనే ఈ వాక్యం రాయడానికి నసిగే షాపుకి అడ్వాన్సు ఇవ్వకండి. బిగించిన రోజే నాలుగు చక్రాల దగ్గర హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి అదే బిల్లు వెనక రాయండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా వస్తుంది. ఐదొందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగు నాలుగైదు మి.మీ. దిగడం మామూలే, పది దాటితే వారంటీ కింద మార్చమని అదే బిల్లు పట్టుకుని వెళ్లండి.