పదహారేళ్ల సిగరెట్, పద్నాలుగు నెలల వేప్: 5కి 3 స్టార్లు

ముందే చెప్తున్నా, బ్రాండ్ పేరు రాయను. రాస్తే డబ్బులు తీసుకుని రాశాడంటారు. పైగా వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, వాటిలో ఈ చిన్న పాడ్ కిట్లన్నీ ఇంచుమించు ఒకటే, అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, లోపల బ్యాటరీ, పైన 2 ఎం.ఎల్. లిక్విడ్ పట్టే పాడ్, ఏ కంపెనీది తీసుకున్నా అంతే. కాబట్టి ఈ రివ్యూ సగం ఆ డబ్బా గురించి, సగం దానికి మారాక నా ఒంటికి ఏమైందన్న దాని గురించి.

నేనుండేది లండన్‌లో, ఈస్ట్ హామ్. ఇక్కడ 18 దాటినవాళ్లు వేప్ కొనుక్కోవచ్చు, తప్పు లేదు. మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రచారం అన్నీ నేరం. అందుకని ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని కొనమని రాశానని అనుకోకండి, మీ సంగతి కింద రాస్తా.

నా సిగరెట్ కథ అందరిదీ లాంటిదే. ఇంజినీరింగ్ సెకండియర్, గాజువాకలో కిళ్లీ కొట్టు, టీతో పాటు ఒక లూజు సిగరెట్. అక్కడ మొదలై పదహారేళ్లు, రోజుకి పది పన్నెండు. లండన్ వచ్చాక ప్యాకెట్ పదిహేను పౌండ్ల పైనే అని తెలిసి మానేస్తానేమో అనుకున్నా, మానలేదు, కొన్నాళ్లు పొగాకు విడిగా కొని కాగితంలో చుట్టుకోవడం నేర్చుకున్నా. జనవరిలో రాత్రి పదకొండింటికి వంటింటి వెనక తలుపు తీసి, చెత్త డబ్బాల పక్కన వానలో నిలబడి, ఒక చెయ్యి అడ్డం పెట్టి లైటర్ వెలిగించే ప్రయత్నం చేస్తుంటే పక్కింటి ముసలాయన కిటికీలోంచి జాలిగా చూసేవాడు.

మా కౌన్సిల్ వాళ్లు సిగరెట్ మాన్పించే సర్వీస్ ఒకటి ఫ్రీగా నడుపుతారు, దానికి వెళ్లా. మందుల షాపు వెనక చిన్న గది. అక్కడి ఆవిడ ఒక మెషీన్‌కి అట్ట గొట్టం తగిలించి, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి మెల్లగా ఊదమంది. 24 వచ్చింది. అంటే నేను వదిలిన గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 24 పీపీఎం, పది లక్షల పాళ్లలో 24 పాళ్లు. పొగ తాగనివాళ్లకి ఆరు లోపే ఉంటుందట. ఆ వాయువు రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లో ముందే కూర్చుంటుంది, లేవమన్నా లేవదు, అందుకే మెట్లెక్కితే ఆయాసం. ప్యాకెట్ మీద బొమ్మలు ఎన్నేళ్లు చూసినా కలగని భయం ఆ రెండంకెల నంబర్ చూస్తే కలిగింది.

ఆవిడే వేప్ కిట్‌కి వోచర్ ఇచ్చింది. అవును, ప్రభుత్వమే ఇస్తుంది. ఇంగ్లండ్‌లో పది లక్షల మంది సిగరెట్ తాగేవాళ్లకి ఫ్రీగా కిట్లు ఇస్తామని 2023లో ప్రకటించారు. మన వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది వినడానికే వింతగా ఉంటుంది, మా అమ్మైతే ఫోన్లో "గవర్నమెంటే ఇస్తోందా, నిజం చెప్పు" అని రెండుసార్లు అడిగింది.

ఇక్కడ లెక్క ఏమిటంటే, మనిషిని అలవాటులో కట్టేసేది నికోటిన్, కానీ క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు తెచ్చేది ఎక్కువగా ఆకు కాలినప్పుడు పుట్టే తారు, మోనాక్సైడ్, ఇంకా వేల రకాల రసాయనాలు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, వేప్‌లో నిప్పు లేదు, వచ్చేది పొగ కూడా కాదు. చిన్న కాయిల్ వేడెక్కి దూదిలో ఇంకిన లిక్విడ్‌ని ఆవిరిలా చేస్తుంది. ఆ లిక్విడ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం ఫ్లేవర్లు, నికోటిన్. కాలేది లేదు కాబట్టి సిగరెట్ కన్నా హాని చాలా తక్కువ, అంతవరకు ఇక్కడి డాక్టర్లకి పెద్ద గొడవ లేదు. 2015లో ఇక్కడి ప్రజారోగ్య శాఖ 95 శాతం తక్కువ హాని అని అంచనా వేసి చెప్పింది, ఆ అంకె ఎలా తేల్చారని అప్పుడే చాలామంది అభ్యంతరం చెప్పారు. నా మటుకు నేను ఆ 95ని పట్టుకుని వేలాడను. ముప్పై ఏళ్లు వేప్ తాగినవాళ్లు ఇంకా లేరు, వాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూడటానికి.

సరే, డబ్బా సంగతి. మొదటి రోజే పాడ్‌లో లిక్విడ్ నింపిన వెంటనే ఒక దమ్ము లాగేశా. గొంతులో కాలిన గుడ్డ వాసన, కళ్లలో నీళ్లు. నింపాక పది నిమిషాలు ఆగి దూది నాననివ్వాలి, అది పెట్టెలో చీమంత అక్షరాలతో రాసి ఉంది, ఎవడు చదువుతాడు. ఒకసారి కాలిన కాయిల్ మళ్లీ బాగుపడదు, పారేయడమే. తీపి ఫ్లేవర్లయితే కాయిల్‌కి పాకం పట్టినట్టు నల్లగా గడ్డ కట్టి వారానికే పోతుంది, పుదీనా లాంటివైతే రెండు వారాలు వస్తాయి.

రెండో తప్పు, ఇది అందరూ చేస్తారు. ఆరోగ్యం కోసం మారుతున్నాం కదా అని నికోటిన్ తక్కువది తీసుకున్నా, 5 ఎం.జీ., అంటే ఒక ఎం.ఎల్. లిక్విడ్‌లో 5 మిల్లీగ్రాముల నికోటిన్. మూడు రోజులు పిచ్చెక్కినట్టు లాగుతూనే ఉన్నా, ఏమీ అనిపించలేదు, నాలుగో రోజు ఆఫీస్ కింద ఒకణ్ని అడుక్కుని సిగరెట్ తాగా. మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్తే నవ్వి, "తక్కువతో మొదలుపెట్టి సిగరెట్‌కి తిరిగెళ్లడం కన్నా సరిపడా తీసుకుని సిగరెట్‌కి దూరంగా ఉండటం మేలు" అంది. ఇక్కడ చట్టప్రకారం గరిష్ఠం 20 ఎం.జీ., నేను తీసుకున్నది అదే, నికోటిన్ సాల్ట్ అనే రకం, గొంతులో గుచ్చుకోదు, త్వరగా ఎక్కుతుంది. అది తీసుకున్న రోజు నుంచి సిగరెట్ మీదికి మనసు పోలేదంటే అబద్ధం, పోయింది, కానీ ఆపుకోగలిగా.

ఒంటికి ఏమైంది? నాలుగు వారాల తర్వాత ఊదితే 2 వచ్చింది. 24 నుంచి 2. నిజానికి మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది, నాలుగు వారాలు అక్కర్లేదు, అయినా ఆ రెండుని ఫోటో తీసి దాచుకున్నా. పొద్దున్నే వచ్చే దగ్గు వెంటనే పోలేదు, మొదటి మూడు వారాలు ఇంకా పెరిగింది. నోట్లో పుళ్లు, మలబద్ధకం కూడా, ఇవి సిగరెట్ మానినవాళ్లకి మామూలేనట, ఎవరూ ముందు చెప్పరు. రెండో నెలకి దగ్గు ఆగింది. స్టేషన్ మెట్లు ఫోన్ మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నా. ముక్కు పనిచేయడం మొదలయ్యాక నాకు మొదట తెలిసిన వాసన నా చలికోటుదే, అల్మారా తీస్తే లోపలి నుంచి కొట్టింది. పదహారేళ్లు నా చుట్టూ ఉన్నవాళ్లు ఇది భరించారన్నమాట. మా ఆవిడని అడిగితే "ఇప్పుడు తెలిసిందా" అంది, అంతే.

చెడ్డవి కూడా ఉన్నాయి. నోరు ఎప్పుడూ ఎండిపోతుంది, నీళ్ల సీసా పక్కన లేకుండా మీటింగ్‌లో కూర్చోలేను. నికోటిన్ ఎక్కువైన రోజు గుండె దడ, తల తిప్పడం. రాత్రి పడుకునే ముందు లాగితే నిద్ర రాదు.

అసలు విషయానికి వస్తా. సిగరెట్‌కి అయిపోవడం అని ఒకటి ఉంటుంది. వెలిగిస్తావు, ఏడెనిమిది నిమిషాలు, వేళ్లకి వేడి తగులుతుంది, పారేసి లోపలికొస్తావు. వేప్‌కి అది లేదు. జేబులో ఉంటుంది, నోట్లో పెట్టుకుంటావు, మళ్లీ జేబులో. ఎన్నిసార్లు లాగావో ఎవరికీ తెలియదు, నీకూ తెలియదు. మూడో నెలలో ఒక ఆదివారం సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తూ చూస్తూ పాడ్ మొత్తం ఖాళీ చేశా, లేచి నింపుకొచ్చి మళ్లీ కూర్చున్నా. అంతకుముందు ఇంట్లో ఏనాడూ సిగరెట్ వెలిగించలేదు, బెడ్‌రూమ్‌లో అసలే లేదు, ఇప్పుడు దిండు కింద వేప్. సిగరెట్ రోజుల్లో రోజుకి పన్నెండుసార్లు నికోటిన్‌కి బానిసని, ఇప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకున్నా, కాదు. ఇక్కడే 886 మందితో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. సగం మందికి వేప్, సగం మందికి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు, నమిలే నికోటిన్ గమ్‌లు, అందరికీ వారం వారం కౌన్సెలింగ్. ఏడాది తర్వాత చూస్తే వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం సిగరెట్ మానేశారు, ప్యాచ్‌లు ఇచ్చినవాళ్లలో 9.9 శాతం. రెట్టింపుకి దగ్గర, బాగానే ఉంది. కానీ అలా మానినవాళ్లలో, వేప్ వైపు 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ లాగుతూనే ఉన్నారు, ప్యాచ్‌లు, గమ్‌ల వైపు ఇంకా అవి వాడుతున్నది 9 శాతమే. సిగరెట్ నుంచి బయటికి తీసుకొస్తుంది సరే, తన నుంచి మాత్రం అంత తేలిగ్గా పోనివ్వదు.

అప్పుడు నేనే రూల్స్ పెట్టుకున్నా. వేప్ వంటింటి డ్రాయర్‌లో ఉంటుంది, కావాలంటే లేచి వెళ్లి, వెనక తలుపు తీసి, బయట నిలబడి లాగాలి. మళ్లీ ఆ చెత్త డబ్బాల పక్కనే. ముసలాయన మళ్లీ చూస్తున్నాడు. చలికి బద్ధకించి సగం సార్లు లేవను, అదే మందు. తర్వాత 20 నుంచి 10కి, అయిదు నెలలయ్యాక 5కి.

ఇంకొకటి, సిగరెట్ తగ్గించి పక్కన వేప్ కూడా పెట్టుకుంటా అనేవాళ్లకి. రోజుకి ఇరవై కాల్చేవాడు ఒకటికి తగ్గిస్తే గుండెకి ముప్పు ఇరవయ్యో వంతుకి పడిపోదు, ఇంచుమించు సగం అలాగే ఉంటుంది, బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో 2018లో వచ్చిన లెక్క ఇది. మారితే మొత్తం మారండి, పొద్దున టీతో ఒక్కటే కదా అనొద్దు, ఆ ఒక్కటే అసలుది.

డబ్బులు. రోజుకి పది సిగరెట్లంటే నెలకి పదిహేను ప్యాకెట్లు, 225 పౌండ్ల పైమాటే. వేప్‌కి నాకు మొదట్లో నెలకి ఎనిమిది బాటిళ్లు, ఒక్కోటి నాలుగు పౌండ్లు, పాడ్‌లకి ఒక పది, మొత్తం 42. 2026 అక్టోబర్ నుంచి 10 ఎం.ఎల్.కి 2.20 పౌండ్ల పన్ను అన్నారు, అది పడినా సిగరెట్ దరిదాపుల్లోకి రాదు. డబ్బా మాత్రం ఒకసారి ట్యూబ్ రైల్లో జేబులో లీకైంది, తొడ మీద జీన్స్ అంటుకుపోయి రోజంతా మామిడిపండు వాసనతో ఆఫీస్‌లో కూర్చున్నా. నికోటిన్ చర్మం లోంచి కూడా ఎక్కుతుంది, వెంటనే కడుక్కోండి. పాడ్ సగానికి వచ్చాక జేబులో నిటారుగా పెట్టుకుంటే లీక్ తక్కువ. ఒకటిన్నర ఏడాది గ్యారంటీ అని రాశారు, ఎనిమిదో నెలలో చార్జింగ్ పోర్ట్ ఊడింది, కొట్టువాడు బిల్లు ఉందా అన్నాడు, లేదు. ఒక స్టార్ అందుకు కట్.

ఇప్పుడు ఇండియా సంగతి. పోయినసారి వైజాగ్ వస్తున్నానంటే మా బావమరిది మెసేజ్, "బావా, వచ్చేటప్పుడు రెండు డిస్పోజబుల్ వేప్‌లు పట్రా, మ్యాంగో ఐస్." వాడికి ఇరవై రెండు, సిగరెట్ ముట్టినవాడు కాదు. నీకెందుకురా అంటే "సిగరెట్ కాదు కదా బావా, నీళ్ల ఆవిరేగా." నాకు కోపం వచ్చింది, నేను కోప్పడటమేంటని సిగ్గూ వచ్చింది. నీళ్ల ఆవిరి కాదు బాబూ, అందులో నికోటిన్ ఉంది, నిన్న లేని అలవాటు రేపటికి అంటగడుతుంది. పైగా తీసుకొస్తే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. ఆ వాడి పారేసే డిస్పోజబుల్స్‌ని ఇక్కడ కూడా 2025 జూన్ 1 నుంచి అమ్మనివ్వడం లేదు. మన ఊళ్లలో చాటుగా దొరుకుతాయని అందరికీ తెలుసు, లోపల ఏం పోశారో ఎవరికీ తెలియదు. 2019-20లో అమెరికాలో వేప్ తాగి 68 మంది చనిపోయారే, అది ఎక్కువగా గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ వల్ల, చాలావరకు చాటుమాటు సరుకే.

నేను వేప్ ఇక్కడే డ్రాయర్‌లో పడేసి, 2 ఎం.జీ. నికోటిన్ గమ్ పట్టుకుని వెళ్లా. చూయింగ్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు వస్తాయి, నాలుగుసార్లు నమిలి, ఘాటు తగలగానే చెంప పక్కన నొక్కి పెట్టుకోవాలి. మూడు వారాలు గడిచాయి. గాజువాక కిళ్లీ కొట్టు దగ్గర పాత బ్యాచ్‌తో నిలబడ్డప్పుడు మాత్రం ఒకటి కాల్చా, దాచను. సగానికే నోరంతా బూడిద తిన్నట్టు అయి పారేశా. ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ గమ్, ప్యాచ్‌లు, డాక్టర్ రాసే మందులు ఉన్నాయి, 1800-11-2356కి ఫోన్ చేస్తే కౌన్సెలింగ్ ఫ్రీ.

సిగరెట్ తాగేవాళ్లకి, అది కూడా వేప్ చట్టబద్ధమైన చోట ఉన్నవాళ్లకి, నా మాట కొనుక్కోండి అనే. తాగనివాళ్లకి సున్నా స్టార్లు. ఆ మూడులో రెండు ఆ 24ని 2 చేసినందుకు, ఒకటి చలికోటు వాసనకి. పోయినవాటిలో ఒకటి చార్జింగ్ పోర్ట్‌ది, ఇంకోటి ఆ ఆదివారం సోఫాది.

ప్రస్తుతం 5 ఎం.జీ. నడుస్తోంది. డ్రాయర్‌లో ఇంకా రెండు బాటిళ్లున్నాయి. అవి అయ్యాక కొననని మా ఆవిడకి చెప్పా. సరే అనలేదు, "చూద్దాం" అంది.