ఏ పనీ చేయకుండానే బ్యాటరీ ఖాళీ చేసే ఎడిటర్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ప్రోగ్రాములు రాసుకునే ఈ కోడ్ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. కోడ్‌లో తప్పులు పట్టుకునే డీబగ్గర్ బాగుంటుంది, వెతుకులాట చకచకా అయిపోతుంది, ఏ ప్రోగ్రామింగ్ భాషకైనా ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) దొరుకుతుంది. ఇవన్నీ అందరూ రాసేసినవే కాబట్టి ఆ జోలికి పోను. నా ఫిర్యాదల్లా నేను కీబోర్డ్ మీద చెయ్యి కూడా పెట్టని సమయం గురించే. ఫైలు తెరిచి ఉంటుంది, నేను పక్కన ఏదో డాక్యుమెంటేషన్ చదువుకుంటూనో ఫోన్‌లో మాట్లాడుతూనో ఉంటాను, ఈలోగా ఛార్జింగ్ మాత్రం తన మానాన తాను దిగిపోతూ ఉంటుంది. పేరు రాయడం లేదు. ఎందుకంటే ఈ జబ్బు ఈ ఒక్కదానిదే కాదు, ఈ తరహా ఎడిటర్లలో చాలావాటికి అంతో ఇంతో ఉన్నదే.

టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ ఒకటో రెండో శాతం అని చూపిస్తుంది. అది చూసి చాలామంది బ్యాటరీ పాతబడిపోయిందేమో అనుకుంటారు. అసలు ఆ శాతం ఇక్కడ పెద్దగా పనికిరాదు. ప్రాసెసర్ చేతిలో పని లేకపోతే సీ-స్టేట్స్ అనే నిద్ర స్థితుల్లోకి జారుకుంటుంది, ఎంత లోతుకి వెళ్తే కరెంటు అంత తక్కువ తాగుతుంది. కునుకు పట్టిన ప్రతిసారీ ఎవరో వచ్చి తట్టి లేపి, ‘ఏం లేదులే, పడుకో’ అంటే ఎలా ఉంటుందో ప్రాసెసర్‌తో ఈ ఎడిటర్ వరస అలా ఉంటుంది. చేయించుకునే పని గోరంత, లేపినందుకు అయ్యే ఖర్చు కొండంత.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 50 వాట్-అవర్ బ్యాటరీ ఉందనుకోండి. స్క్రీన్ వెలుగుతూ మిషన్ ఊరికే ఉన్నప్పుడు మొత్తం 5 వాట్లు లాగితే 10 గంటలు వస్తుంది. దాని మీద ఇంకో 3 వాట్లు కలిస్తే ఆరు గంటల పైచిలుకే. పని చేస్తూ 3 వాట్లు ఖర్చయితే నాకేం బాధ లేదు, ఏ పనీ జరగకుండా పోవడమే ఒళ్లు మండే విషయం.

నేను లినక్స్‌లో పవర్‌టాప్ అనే కరెంటు ఖర్చు కొలిచే టూల్‌తో చూస్తాను. ఛార్జర్ పీకేసి, బ్రౌజర్ మూసేసి, ఎడిటర్ ఒక్కటే తెరిచి, కాసేపు దేన్నీ ముట్టుకోకుండా కూర్చోవాలి. ప్రాసెసర్‌ని సెకనుకి ఎవరెవరు ఎన్నిసార్లు లేపుతున్నారో వరసగా కనిపిస్తుంది, బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు పోతున్నాయో కూడా చూపిస్తుంది. నా దగ్గర ఎప్పుడు చూసినా పై వరసలో ఎడిటర్ తాలూకు ప్రాసెస్‌లు రెండుమూడు తిష్ట వేసుకుని ఉండేవి. విండోస్ వాళ్లయితే అడ్మిన్ టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండో) పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశానికి ‘ఎనర్జీ’ అనే ఆప్షన్ ఇస్తే 60 సెకన్లు గమనించి ఒక రిపోర్టు ఇస్తుంది. అందులో టైమర్ రిజల్యూషన్ దగ్గర ఆగి చదవండి. మామూలుగా 15.6 మిల్లీసెకన్లకోసారి కొట్టాల్సిన టైమర్‌ని ఏదైనా ప్రోగ్రామ్ 1 మిల్లీసెకనుకి తెచ్చి పెడితే ఆ దొంగ అక్కడ దొరుకుతాడు. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లోని ఎనర్జీ ట్యాబ్ చాలు.

ఇక లేపేది ఎవరంటే, మొదటి ముద్దాయి కర్సర్. నవ్వకండి. 2017లో ఒక పేరున్న ఎడిటర్‌లో, కేవలం కర్సర్ మిణుకుమిణుకుమనడానికే సీపీయూ 13 శాతం దాకా వాడుతోందని బయటపడి పెద్ద చర్చే జరిగింది. సెకనుకి రెండుసార్లు మారాల్సిన గీతని యానిమేషన్‌గా రాయడంతో కిందున్న క్రోమియం ఇంజిన్ (క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైనదే) సెకనుకి 60 సార్లు పని చేసేది. అది తర్వాత సరిచేశారు. అయినా సెట్టింగ్స్‌లో మిణుకు ఆపేసి కర్సర్‌ని నిలకడగా ఉంచితే నా మిషన్‌లో అంకెలు ఎంతోకొంత తగ్గాయి. జారుతూ కదిలే కర్సర్, స్టేటస్ బార్‌లో గిరగిరా తిరిగే గుండ్రాలు, ఇవన్నీ ఆ బాపతే.

కానీ కర్సర్ పిల్లకాకి. అసలు పెద్దమనిషి ఫైల్ వాచర్. ప్రాజెక్టులో ఏ ఫైలు మారినా వెంటనే తెలుసుకోవడానికి ఎడిటర్ కాపలా కాస్తుంది. ఆపరేటింగ్ సిస్టమే కబురు పంపే ఏర్పాటు ఉంటే, లినక్స్‌లో ఐనోటిఫై అంటారు, ఖర్చు చాలా తక్కువ, మార్పు జరిగినప్పుడే పని. నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్లకీ, కంటైనర్లకి (ప్రోగ్రామ్‌ని విడిగా ఓ డబ్బాలో పెట్టి నడిపే ఏర్పాటు) తగిలించిన ఫోల్డర్లకీ ఆ కబురు చాలాసార్లు రాదు. అప్పుడు ‘మారిందా, మారిందా’ అని తనే పదేపదే వెళ్లి చూసుకోవాలి, పోలింగ్ అంటారు దీన్నే. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో బయటి లైబ్రరీలు దాచే నోడ్ మాడ్యూల్స్ లాంటి ఫోల్డర్‌లో వేలకొద్దీ ఫైళ్లుంటాయి, అన్నిటినీ అలా తడిమి రావడమంటే మాటలా?

నా ప్రాజెక్టులో జరిగింది ఇంకో రకం. టెర్మినల్‌లో నడిచే డెవలప్‌మెంట్ సర్వర్ కొద్ది సెకన్లకోసారి లాగ్ ఫైలులో, అంటే జరిగినవి రాసుకునే చిట్టాలో, ఒక లైను రాస్తుంది. ఆ లాగ్ ఉన్నది ప్రాజెక్టు ఫోల్డర్లోనే. లైను పడగానే వాచర్ లేస్తుంది, అది గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) ప్లగిన్‌కి చెబుతుంది, గిట్ ప్లగిన్ ఏం మారిందో చూద్దామని గిట్ స్టేటస్ నడుపుతుంది, అదయ్యేలోపు లాగ్‌లో ఇంకో లైను. నేను ఒక్క అక్షరం కొట్టకపోయినా ఈ తిరనాళ్ల రోజంతా సాగుతుంది. లాగ్ ఫోల్డర్నీ బిల్డ్ ఫోల్డర్నీ వాచర్ మినహాయింపుల జాబితాలో పెట్టాను. పవర్‌టాప్ పై వరసలోంచి ఆ ప్రాసెస్ మాయమైపోయింది. మీరు ఒక్క సెట్టింగే మార్చేటట్టయితే ఇదే మార్చండి.

ప్లగిన్ల సంగతి క్లుప్తంగా. ఒక్కో భాషకి, కోడ్‌ని అర్థం చేసుకుని సూచనలూ తప్పులూ చూపించే ఒక్కో లాంగ్వేజ్ సర్వర్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. బుద్ధిగా రాసినది పని అయ్యాక ఊరుకుంటుంది, లేనిది ఇండెక్సింగ్ (ఫైళ్లన్నిటికీ సూచిక కట్టడం) పేరుతో ఫ్యాన్ తిప్పుతూనే ఉంటుంది. వాడని భాషల ప్లగిన్లని ఆ ప్రాజెక్టు వరకు ఆపేయొచ్చు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్ అయితే ఎడిటర్ పెద్ద చిప్‌ని లేపుతోందేమో ఒకసారి చూసుకోండి, దాన్ని చిన్న చిప్‌కి కట్టేయండి. కంటైనర్ల సాఫ్ట్‌వేర్ ఉంటే, ఒక్క కంటైనర్ నడవకపోయినా వెనక లినక్స్ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ లాంటిది) నడుస్తూ ఉండొచ్చు. ఆ పాపం కూడా మనం ఎడిటర్ ఖాతాలోనే రాస్తుంటాం, అది అన్యాయం.

విండో మినిమైజ్ చేస్తే చాలు కదా అంటారు కొందరు. సగమే చాలుతుంది. వెనక ఉన్న ట్యాబుల టైమర్లని సెకనుకి ఒక్కసారికి కుదించే అలవాటు క్రోమియంకి ఉంది, ఈ ఎడిటర్ కట్టింది దాని మీదే కాబట్టి కనిపించని విండోకి ఆ లాభం కొంత దక్కుతుంది. ప్లగిన్లూ లాంగ్వేజ్ సర్వర్లూ మాత్రం ఆ విండో బయట వేరే ప్రాసెస్‌లు, వాటికి ఆ నియమం వర్తించదు, కాబట్టి వాటి గోల వాటిదే.

మధ్యలో విసుగొచ్చి కొంతకాలం టెర్మినల్‌లో నడిచే విమ్ అనే ఎడిటర్‌కి మారాను. బ్యాటరీ విషయంలో దానికి దండం పెట్టాలి, కీ నొక్కేదాకా అది కదలదు మెదలదు. డీబగ్గింగ్ దగ్గర నాకు చెయ్యి ఆడలేదు, తిరిగొచ్చేశాను. ఇప్పుడు ప్రయాణాల్లో ఇంకో పద్ధతి వాడుతున్నా: కోడూ లాంగ్వేజ్ సర్వర్లూ దూరంగా ఉన్న మిషన్‌లో, నా ల్యాప్‌టాప్‌లో విండో మాత్రమే. నెట్ బాగున్నంతసేపు హాయిగా ఉంటుంది.

తయారీదారులకి కొలతలతో సహా రాశాను. ‘సీపీయూ వాడకం తక్కువగానే ఉంది, సమస్య కనిపించలేదు’ అని జవాబిచ్చి టికెట్ మూసేశారు. మళ్లీ అదే శాతం! ఛార్జర్ పెట్టి ఉందా లేదా అన్నది ఏ ఆపరేటింగ్ సిస్టమైనా అడిగితే చెబుతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బ్యాక్‌గ్రౌండ్ తనిఖీలు ఆపే పవర్ సేవ్ మోడ్ కొన్ని ఐడీఈల (ఎడిటర్, డీబగ్గర్ లాంటివన్నీ కలిపి వచ్చే సాఫ్ట్‌వేర్‌ల) మెనూల్లో ఉంది కూడా. ఇందులో అదీ లేదు, అన్నీ మనమే ఒక్కొక్కటీ వెతికి ఆపుకోవాలి. డెస్క్ దగ్గర ప్లగ్ పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ప్లగ్ లేకుండా, సెట్టింగ్స్ ముట్టుకోకుండా వాడేవాళ్లకి రెండు, అది కూడా డీబగ్గర్ మొహం చూసి.